పిడికెడు గింజల అమానత్
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రమజాన్‌లో మన సొసైటీ ఇచ్చే కిట్లలో బియ్యం, పప్పు, నూనె, కారప్పొడి, పల్లీలు ఉంటాయి. ఎన్ని ఇళ్లకు ఇచ్చామో ఏటా ఈ వేదికపై చెప్పుకుంటాం. ఈసారి ఆ సంచిలోని సరుకు ఎలాంటిదో మాట్లాడుకుందాం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. వ్యాపారంలో మోసం గురించి చెప్పేటప్పుడు దీన్ని వింటుంటాం. తడిసిన గింజలో ఏం పుడుతుందో తెలిశాక దాని విలువ మనకు మరింత బోధపడుతుంది.

వేరుశనగ, మొక్కజొన్న, మిరపకాయల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించింది. హెపటైటిస్ బి ఉన్నవారికి ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. వేయించినా, ఉడకబెట్టినా ఈ విషం పూర్తిగా పోదు. బూజు తుడిచేసినా గింజలో మిగిలే ఉంటుంది. విషమున్న చెక్క తిన్న గేదె పాలలోకి కూడా ఇది దిగుతుంది. మన దేశంలో తిండిగింజలకు అనుమతించిన పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు మాత్రమే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు.

ఇది మన దేశంలో ప్రాణాలు తీసింది. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ ప్రాంతాల్లో కోతవేళ అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని, కామెర్లు వచ్చి 106 మంది చనిపోయారు. తిన్నవారు నిరుపేద గిరిజనులు. వేరే గింజలు కొనే స్తోమత వారికి లేదు. 1995లో మన దక్కను పల్లెల్లోనూ వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్న తిన్నవారు కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డారు. ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం ఉందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గుర్తించారు.

మారుతున్న వాతావరణం ఈ ముప్పును పెంచుతోంది. అనంతపురం వంటి చోట్ల కాయ ముదిరే చివరి వారాల్లో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే, వేరుశనగ గింజకు సహజంగా ఉండే రక్షణ శక్తి తగ్గిపోతుంది. మట్టిలోని బూజు పొలంలోనే లోపలికి చేరుతుంది. తీరా పంట పీకాక అకాల వర్షం పడితే కల్లంలో తడి మిగిలిపోతుంది. బయటి దేశాలకూ ఈ బెడద తప్పలేదు. 2012లో ఎండలూ కరువూ సెర్బియా మొక్కజొన్నను దెబ్బతీశాయి. ఆ దాణా వల్ల మరుసటి ఏడాది పాలలో విషం కనబడి అక్కడ పెద్ద అలజడి రేగింది.

సోదరులారా, సరుకును ఏరినప్పుడు మంచి గింజ మంచి ధర ఇచ్చేవారికి పోతుంది. ముడతలు పడినవి, రంగు మారినవి, పగిలినవి చౌక బేరానికి మిగులుతాయి. విషం ఎక్కువగా ఉండేది సరిగ్గా వాటిలోనే. చౌకగా దొరికిందని వాటిని కొని సంచుల్లో నింపితే, పోషణ చాలక నీరసించిన పిల్లలకు మన చేతులతోనే విషం అందించినట్లవుతుంది. మనం కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోని వస్తువును దైవమార్గంలో ఇవ్వవద్దని బఖరా సూరా 267వ ఆయత్ బోధిస్తుంది.

అందుకే మా మనవి ఇది. సరుకు కొనేముందు గోతాం అడుగు దాకా చెయ్యి పెట్టి చూద్దాం. పల్లీలు, మొక్కజొన్న పెద్ద మొత్తంలో కొంటే నమూనాను ప్రయోగశాలలో పరీక్ష చేయిద్దాం. కిట్లను నేల మీద కాకుండా చెక్కల మీద, గాలి తగిలే చోట పేర్చుదాం. చేదుగా ఉన్న పల్లీని ఉమ్మేయాలని, బూజు గింజలను పశువులకు కూడా పెట్టవద్దని కిట్ తీసుకునే తల్లులకు చెబుదాం. మన రైతు సోదరులు కాయలను టార్పాలిన్ మీద ఆరబోసి, గలగలమనేదాకా ఎండనిచ్చి నిల్వ చేయాలి.

దీనికి ఖర్చవుతుంది. చందాలు పెరగకపోతే కిట్ల సంఖ్య కొంత తగ్గవచ్చు. అలా తగ్గితే ఆ సంగతి వచ్చే ఏడాది ఈ వేదికపైనే దాచకుండా చెబుదాం. జకాత్, సదకా సొమ్ము మన దగ్గర ఉన్న అమానత్. దాని లెక్కలో సంచులతో పాటు గింజలూ ఉంటాయి. మన ఇంటి పిల్లలకు పెట్టగలిగినదే పేదవాడి ఇంటికి చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.