మందవినికిడి వేరు, బ్రహ్మచెవుడు వేరు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత గ్రామసభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరూర మైకు పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పుట మా వృత్తి. వెనుక కూర్చున్న పెద్దలకు వినబడుట లేదని తోచినప్పుడెల్ల మైకు ధ్వని పెంచుట మాకు అలవాటు. సూర్యాపేట సమీపమున ఒక గ్రామసభలో అట్లే పెంచగా, ఒక వృద్ధుడు లేచి, "సప్పుడైతే మంచిగనే ఇనొస్తుంది సారూ, మాటనే సమజైతలేదు" అనెను. ఆ ఒక్క మాట మాకు కనువిప్పు కలిగించినది.

చెవిటివాని ముందు శంఖమూదినట్లు అని మన సామెత. చెవిటివాడనగా ఏమియు విననివాడని దాని భావము. కాని ఆ వృద్ధునికి శంఖము వినబడును. పక్కనున్న మనుమని మాటయే తెలియదు. ఏమియు వినబడని స్థితిని మన పెద్దలు బ్రహ్మచెవుడు అనిరి. కొంత వినబడి కొంత వినబడని స్థితి మందవినికిడి. ఈ రెండింటిని చెవుడు అను ఒకే మాటతో కట్టివేయుట వలన ఎంతో కీడు జరుగుచున్నది.

వయసు వలనను, మ్రోత వలనను వచ్చు మందవినికిడిలో మొదట పోవునవి సన్నని ధ్వనులు. అచ్చుల ధ్వని చెవికి అందును గాని క, త, ప, స వంటి అక్షరముల భేదము తెలియదు. కోడలు పప్పు అడిగిన అత్త కప్పు తెచ్చును. "తనకు కావలసినవే వినును" అని ఇంటివారు నిష్ఠురమాడుదురు. చెవిలో చీము కారు బాలుడు వెనుక బల్లపై కూర్చుండి, పాఠము సగమే విని, తప్పు జవాబు చెప్పి, మొద్దు అను పేరు మోయును. లోపము చెవిది, నింద బుద్ధికి. ఆ నింద వలన చదువు మానిన పిల్లలకు ఆ నష్టమును ఎవరు తీర్చగలరు?

చట్టము ఈ భేదమును గుర్తించినది. ధ్వని తీవ్రతకు కొలత డెసిబెల్. గుసగుస సుమారు 30, మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉండును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, మాటలకు సంబంధించిన ధ్వనులలో రెండు చెవులకును 70 డెసిబెల్స్ వినికిడి నష్టము గలవారు బధిరులు. 60 నుండి 70 వరకు నష్టము గలవారు మందవినికిడి గలవారు. నిర్ణీత వైకల్యము కలదని ధ్రువపత్రము పొందిన ఈ ఇరు తెగలవారికి కలిపి ప్రభుత్వోద్యోగములలో 1 శాతము కేటాయింపబడినది. "నేను చెవిటివాడను కాను" అని సిగ్గుపడి పరీక్షకు పోనివారు తమ హక్కును తామే వదలుకొనుచున్నారు. 60 కంటె తక్కువ నష్టము గలవారు చట్టపు నిర్వచనములోనికి రాకున్నను, వైద్యము, వినికిడి యంత్రము వారికిని అవసరము కావచ్చును.

మన ప్రాంతమున ఈ విషయమునకు మరియొక ముఖ్యత్వము కలదు. సాగరు ఎడమ కాలువ క్రింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరును. కోదాడకు సమీపమున సిమెంటు కర్మాగారములు కలవు. 85 డెసిబెల్స్ మించిన మ్రోతలో దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి పనిచేసిన చెవి దెబ్బతినును. లోచెవిలో నశించిన కణములు తిరిగి మొలవవు. పక్కవానితో అరిచి మాటాడవలసి వచ్చిన చోట చెవులకు బిరడాలు పెట్టుకొనవలెను. వానిని సమకూర్చుట యజమానుల బాధ్యత. ధరించుట కార్మికుల బాధ్యత.

అన్ని మందవినికిడులును నయము కానివి కావు. గుబిలి గట్టిపడుట, చెవిలో చీము కారుట వంటివి వైద్యమున కుదురును. కాచిన నూనె పోయుట, పుల్లలతో గెలుకుట ప్రమాదకరము. సూర్యాపేటలోను, నల్లగొండలోను 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు కలవు. చెవి వైద్యునికి చూపించి, వినికిడి ఎంతయో కొలిపించుకొనవలెను.

ఇంటివారు చేయవలసినది స్వల్పము. వెనుక నుండి కేకవేయక, ఎదుట నిలిచి, వెలుతురు ముఖముపై పడునట్లు, నిదానముగా మాటాడవలెను. తెలియనిచో అదే మాటను అరవక, వేరు మాటలలో చెప్పవలెను. బడిలో అట్టి పిల్లవానిని ముందు బల్లపై కూర్చుండబెట్టవలెను.

మేమును ఆ వృద్ధుని వలన నేర్చుకొంటిమి. ఇప్పుడు మైకు ధ్వని పెంచుటకు ముందు పెద్దలను ముందు వరుసకు పిలుచుచున్నాము. మీ ఇంట ఎవరికైన వినికిడి మందగించినచో, నేడే ఎదుట కూర్చుండి నాలుగు మాటలు మాటాడుడు. వారికి చెవి మందగించినదే గాని, వినవలెనను కోరిక మందగింపలేదు.