బడి పిల్లలు లోకానికి రాసేటప్పుడు

(విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక కోరిక కోరారు. పిల్లల చేతుల్లోంచి ఫోన్లు ఎలా తీసుకోవాలో తల్లిదండ్రులకు చెప్పమన్నారు. క్షమించాలి, ఆ పనికి మేము తగినవారం కాము. ముప్ఫై నాలుగు సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా కాగితాల మధ్య బ్రతికినవారం. రాత అంటే మాకు గౌరవమూ ఉన్నది, భయమూ ఉన్నది. పిల్లలు రాయడం మానాలని మేము ఎన్నడూ కోరము. మన బ్రతుకుల గురించి చాలాకాలం ఇతరులే రాశారు. 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 2004లో ‘వతన్’ కథా సంకలనం వచ్చిన తరువాతనే తెలుగు ముస్లింలు తమ మాట తామే చెప్పుకుంటున్నారని తెలుగు సాహిత్య లోకం గట్టిగా గుర్తించింది. అటువంటి సమాజంలో పుట్టిన బిడ్డ నాలుగు వాక్యాలు రాసి పదిమందికి చూపాలనుకుంటే ఆ చేతిని పట్టుకొని ఆపడం న్యాయం కాదు. ఎలా రాయాలో చెప్పడం మాత్రం మన బాధ్యత.

మా పేటలో జరిగిన సంగతితో మొదలుపెడతాము. పేర్లు, ఊరు, బడి చెప్పము. ఎందుకు చెప్పమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వసతిగృహంలో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉన్నది. చురుకైన పిల్ల, తెలుగు బాగా రాస్తుంది. కొన్నాళ్ళుగా అన్నంలో పురుగులు వస్తున్నాయి. చెప్పినా వినేవారు లేరు. ఒక ఆదివారం అన్న చూడడానికి వచ్చినప్పుడు అతని ఫోను అరగంట సేపు తీసుకొని భోజనశాలలోకి వెళ్ళింది. అన్నం పళ్ళెం పట్టుకొని నిలబడ్డ వంటమ్మను ఫోటో తీసింది. దాని కింద ఆమె పేరు రాసి, మంచి బియ్యం ఇంటికి మోసుకుపోయి మాకు పురుగుల బియ్యం వండుతున్నదని రాసింది. అన్న దాన్ని అందరికీ కనిపించేలా పెట్టాడు. రెండు రోజుల్లో ఊరిలోని వాట్సాప్ గుంపులన్నీ తిరిగింది.

ఫలితం వెంటనే కనిపించింది. అధికారులు వచ్చారు, బియ్యం మార్చారు. అంతవరకు ఆ అమ్మాయి రాత మంచే చేసింది, ఆ మాట మేము ఎక్కడైనా చెబుతాము. అయితే మూడో రోజున వంటమ్మను పనిలోంచి తీసేశారు. ఆమె భర్త లేని మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. తరువాత విచారిస్తే బస్తాలు నిలువ చేసిన గది గోడకు తేమ పట్టి బియ్యం పాడైనట్లు తేలింది. బియ్యం ఇంటికి పోయిందనడానికి ఆధారం లేదు. అమ్మాయిని అడిగితే, "అందరూ అనుకుంటుంటే విన్నాను చాచా" అన్నది.

ఇంకొక నష్టం అంతకంటె పెద్దది. ఆ ఫోటోలో వంటమ్మ వెనుక ముగ్గురు పిల్లలు పళ్ళేలతో కూర్చున్నారు. తీసిన పిల్ల వారిని గమనించనే లేదు. వారిలో ఒకామె తండ్రి, తన కుమార్తె ముఖం ఊరందరి ఫోన్లలో తిరిగిందని, మరుసటి వారమే బడి మాన్పించి ఇంటికి తీసుకుపోయాడు. ఆ పిల్ల తరగతిలో లెక్కల్లో మొదటిది.

ఒకే పోస్టు బియ్యం మార్చింది, ఒక పేదరాలి కూలి పోగొట్టింది, ఒక పిల్ల చదువు ఆపింది. ఈ మూడింటిలో మొదటిది నిలిచి, మిగిలిన రెండూ జరగకుండా రాయగలమా అన్నదే నేటి మా విషయం.

రాయగలమనడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉన్నది. 2012లో స్కాట్లాండులోని లోఖ్‌గిల్ప్‌హెడ్ అనే చిన్న ఊరిలో మార్తా పేన్ అనే తొమ్మిదేళ్ళ బాలిక బడిలో తనకు పెట్టే భోజనం గురించి ‘నెవర్ సెకండ్స్’ అనే బ్లాగు మొదలుపెట్టింది. తండ్రి సాయం చేశాడు, బడివారి అనుమతి తీసుకున్నారు. సొంత పేరు కాక ‘వెజ్’ అనే మారుపేరుతో రాసింది. ప్రతిరోజూ తన పళ్ళెం ఫోటో, పదికి ఎన్ని మార్కులు, ఎన్ని ముద్దల్లో అయిపోయింది, ఆరోగ్యానికి ఎంత మంచిది, వెంట్రుకలు ఎన్ని వచ్చాయి. రాసేది ఇంతే. ఒకరిని తిట్టింది లేదు. వెంట్రుకల లెక్క చూసి మేము నవ్వుకున్నాము గాని, ఆలోచిస్తే తనిఖీ అధికారి నివేదిక కూడా ఇంతకంటె పద్ధతిగా ఉండదు. ఇతర దేశాల పిల్లలు కూడా తమ బడి భోజనాల ఫోటోలు ఆమెకు పంపసాగారు.

కొన్ని వారాలకు ఒక వార్తాపత్రిక ఆమె కథ వేస్తూ, వడ్డించే ఆడవాళ్ళను పనిలోంచి తీసేయాలన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. పనివారు తమ ఉద్యోగాలు పోతాయని భయపడుతున్నారంటూ స్థానిక కౌన్సిల్ జూన్ నెలలో ఫోటోలు తీయడాన్ని నిషేధించింది. లోకమంతా గొడవ చేస్తే ఒక్క రోజులోనే నిషేధం ఎత్తివేసింది. ఆ గొడవ పుణ్యమా అని ఆమె పేద దేశాల పిల్లల భోజనం కోసం సేకరిస్తున్న విరాళం లక్ష పౌండ్లు దాటింది. ఇందులో తప్పు ఎవరిదో చూడండి. ఆ బాలిక పళ్ళెం గురించి రాసింది, పత్రిక మనుషుల మీదికి తిప్పింది. మా పేట అమ్మాయి ఆ రెండు పనులూ తానే చేసింది.

విద్యార్థులారా, కార్యాలయంలో మాకు మొదట నేర్పినది ముసాయిదా. ఏ ఉత్తరమూ ఒక్కసారిగా బయటికి పోదు. ముసాయిదా రాయాలి, పైవారికి చూపాలి, దిద్దించుకోవాలి, శుభ్రప్రతి తీయాలి, ఆ తరువాతనే బయటికి పంపే రిజిస్టరులో నంబరు వేయాలి. ఆ పద్ధతిని విసుక్కున్న రోజులు మాకూ ఉన్నాయి. కోపంలో రాసిన నోటు ఒకటి మరుసటి ఉదయం మేమే చించివేసిన రోజు కూడా ఉన్నది, ఆ చించివేతే మా ఉద్యోగం నిలిపింది. మీ ఫోనుకు ముసాయిదా తెలియదు, వేలు తగలగానే పంపేస్తుంది. కాబట్టి ముసాయిదాను మీరే పెట్టుకోవాలి. నోటు పుస్తకంలో రాయండి, ఒక రాత్రి ఉంచండి, ఉదయం ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. మీరు చూసింది ఏది, విన్నది ఏది అని వేరు చేయండి. విన్నదాన్ని చూసినట్లు రాయకండి.

లెక్క తెలిసిన రాతకు బలం ఎక్కువ. బడి మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజుకు 100 గ్రాముల ధాన్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాములు ఇవ్వాలని నిబంధన ఉన్నది. ఇది తెలిసిన విద్యార్థి "మాకు చాలడం లేదు" అని ఊరుకోడు, గోడమీది పట్టికలో ఏమున్నది, పళ్ళెంలో ఏమి పడింది అని తేదీతో సహా రాస్తాడు. ముందుగా ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. జవాబు రాకపోతే అప్పుడు లోకానికి చెప్పండి, అర్జీ ఇచ్చిన సంగతి కూడా అందులో చెప్పండి. ఇలా రాసిన పిల్లవానిపై చర్య తీసుకోవడం ఏ అధికారికీ సులభం కాదు.

ఇక పేర్ల సంగతి. మారుపేరుతో రాయడం పిరికితనమని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. మీర్జా అసదుల్లా ఖాన్‌ను లోకం గాలిబ్ అన్న తఖల్లుస్‌తోనే ఎరుగును. భాగవతుల సదాశివశంకర శాస్త్రి అంటే ఎవరని మీరు అడగవచ్చు, ఆరుద్ర అంటే అడగరు. 2009 జనవరిలో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో తాలిబన్లు బాలికల బడులు మూయించినప్పుడు, పదకొండేళ్ళ బాలిక ఒకతె తన రోజువారీ అనుభవాలు చేతిరాతతో రాసి ఇస్తే బీబీసీ ఉర్దూ విభాగం ప్రచురించింది. గుల్ మకాయ్ అన్న పేరుతో అవి వచ్చాయి, అది ఒక పష్తూన్ జానపద కథానాయిక పేరు. ఆ బాలికే మలాలా. ఆమె అసలు పేరు తరువాత బయటపడింది. 2012 అక్టోబరు 9న బడి నుంచి ఇంటికి వెళ్తుండగా ఆమెను కాల్చారు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. పెద్దవారు, అనుభవజ్ఞులైన పాత్రికేయులు సైతం ఒక బాలిక రాతకు ముందు ఆలోచించినది ఆమె పేరు దాచడం గురించి అని చెప్పడానికే చెబుతున్నాము.

మన పిల్లలు దాచవలసినవి ఇంకా ఉన్నాయి. బడి దుస్తులు, బ్యాడ్జీ, ట్యూషన్‌కు వెళ్ళే వేళ, ఇంటి ముందు వీధి, ఇవన్నీ కలిపితే చిరునామా రాసినట్లే. కొన్ని ఫోన్లలో తీసిన ఫోటోలో ఆ చోటు వివరం కూడా నమోదై ఉంటుంది, కెమెరా సెట్టింగులలో దాన్ని ఆపివేయవచ్చు. పరీక్షల కాలంలో హాల్‌టికెట్ ఫోటో పెట్టే అలవాటు ఒకటి వచ్చింది. నంబరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అన్నీ అందులోనే ఉంటాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసిన అనుభవంతో చెబుతున్నాము, ఆ వివరాలతో ఏమైనా చేయవచ్చు. స్నేహితురాలి ఫోటో పెట్టాలంటే ఆమెను అడగండి, ఆమె ఇంట్లో కూడా అడగమనండి.

మన ఆడబిడ్డల విషయంలో ఈ జాగ్రత్తకు ప్రత్యేక కారణం ఉన్నది. 2021 జూలైలో ఒకటి, 2022 జనవరి 1న మరొకటి, ముస్లిం మహిళల ఫోటోలను దొంగిలించి వేలానికి పెట్టినట్లు చూపిన రెండు యాప్‌లు వచ్చాయి. వాటి పేర్లు ఈ వేదికపై పలకడం మాకు ఇష్టం లేదు. పాత్రికేయులు, న్యాయవాదులు, ధైర్యంగా మాట్లాడే స్త్రీలనే ఏరి పెట్టారు. రెండవ దానిలో అరెస్టయిన వారిలో ఎక్కువమంది ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థులు, వారిలో ఇంకా చిన్నదైన అమ్మాయి ఒకతె. నిన్న మొన్నటి వరకు బడిలో కూర్చున్న పిల్లలే. వారి ఇళ్ళలో ఎవరైనా వారిని అడిగారో లేదో, ఏమి రాస్తున్నావని. మన మగపిల్లల తల్లిదండ్రులారా, మీరు అడుగుతున్నారా? ఎవరో మన మతాన్ని తిట్టారని, వారి ఇంటి ఆడవాళ్ళను తిడుతూ జవాబు రాసిన కుర్రవాళ్ళను మేము మందలించిన సందర్భాలు ఉన్నాయి. మొదట తిట్టినవాడు దాక్కుంటాడు, జవాబు రాసిన మనవాడి స్క్రీన్‌షాట్ మిగులుతుంది.

మర్యాదగా రాసినా ఆపద రాదని హామీ ఇవ్వలేము. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఒక నాయకుని మృతికి నగరం మూతపడడం గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసిన యువతిని, దానిని మెచ్చిన స్నేహితురాలిని అరెస్టు చేశారు. రాసిన ఆమె బంధువు ఆస్పత్రిని గుంపు ధ్వంసం చేసింది. అటువంటి అరెస్టులకు ఆధారమైన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాని మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం, పరువు తీయడం నేటికీ నేరాలే. కొత్త న్యాయ సంహితలో 196, 299, 356 సెక్షన్లు చూడండి. సరదాకు స్నేహితుని పాస్‌వర్డ్‌తో అతని పేరు మీద రాయడం కూడా 66సీ కింద నేరమని చాలామంది పిల్లలకు తెలియదు.

తల్లిదండ్రులకు ఒక హక్కు గుర్తుచేస్తాము. 18 ఏళ్ళు నిండని బిడ్డ రాసిన దాని గురించి పోలీసులు పిలిస్తే, ఆ బిడ్డను లాకప్‌లో పెట్టడానికి వీల్లేదని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది. విషయం బాలల న్యాయ మండలి ముందుకు పోవాలి. ఒంటరిగా వెళ్ళకండి, తెలిసిన న్యాయవాదిని వెంట తీసుకువెళ్ళండి.

మీ బిడ్డపైనే ఎవరైనా నీచంగా రాసినా, ఫోటో మార్చి పెట్టినా, తొందరపడి ఏదీ తుడిచివేయకండి. కాగితం లేనిదే ఫైలు లేదు. తేదీ, సమయం, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ఆ తరువాత ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. అటువంటి అధికారి ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సాయానికి 1098 నంబర్లు ఉన్నాయి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. తెలంగాణలోనైతే షీ టీమ్స్ ఉన్నాయి. అన్నిటికంటె ముందు బిడ్డను కొట్టకండి. కొడతారన్న భయంతోనే పిల్లలు నెలల తరబడి దాస్తారు, బెదిరించేవాడికి కావలసింది అదే.

మా పేట అమ్మాయి సంగతి మిగిలిపోయింది. ఆమె ఆ పోస్టు తీయించి, వంటమ్మ గురించి తాను రాసింది నిజం కాదని అదే చోట రాసింది. ఆ రెండవ రాతను పంచుకున్నవారు పదిమంది కూడా లేరు. ఆమే వంటమ్మ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగింది. మేము అధికారులకు అర్జీ పెట్టగా వంటమ్మను వేరే వసతిగృహంలో తీసుకున్నారు, అక్కడికి రోజుకు రెండు బస్సులు మారాలి. బడి మానిన పిల్ల తండ్రి దగ్గరకు మూడుసార్లు వెళ్ళాము. మూడవసారి టీ ఇచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు. పిల్ల తలుపు చాటున నిలబడి వింటూనే ఉన్నది. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే గడువు లోపల మళ్ళీ వెళ్తాము. ఈ సభలో ఆ తండ్రికి దగ్గరివారు ఎవరైనా ఉంటే, సమావేశం కాగానే మమ్మల్ని కలవండి, కలిసి వెళ్దాము.