పదునును హరించు ఇసుక
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

వ్యవసాయ పరిశోధనా క్షేత్రము 1906లో నెలకొల్పబడిన ఈ హగరిలో జొన్నను గూర్చి మాటలాడుట సాహసమే. అయినను ఒక తప్పు నొప్పుకొనుటకు ఆ ప్రసంగము తెచ్చుచున్నాము.

చిన్ననాడు మా యింట జొన్నకోత సగము కాకమునుపే కొడవళ్లు మొద్దుబారెడివి. కమ్మరి పదును సరిగా పెట్టలేదని యెంచి, ఒక యేడు ఆ వృద్ధుని కీయవలసిన మేర గింజలలో కోత పెట్టితిమి. అతడు మారు పలుకలేదు.

నిజమునకు దోషము జొన్నదంటులో నున్నది. నేలనీటిలో కరిగియున్న సిలికాను పైరు వేళ్లతో పీల్చుకొనును. నీరు ఆకులనుండి ఆవిరియై పోవును. సిలికా గాజువంటి సన్నని రేణువులై ఆకులందును దంటునందును నిలిచిపోవును. అవి మెత్తని యినుముకంటె గట్టివి. వరి ఊకను కాల్చిన బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే. దానితో తోమిన పాత్ర తళతళలాడుటకు కారణ మదియే. దంటు మొదట నంటిన దుమ్ములోని యిసుక యింకను గట్టిది.

వంటయింటను ఇట్టి శత్రువులు గలవు. రాతిగట్టుపైనను, పింగాణి పళ్లెములోను తరిగినచో కత్తి యంచు వంగిపోవును, చెక్కపలక మేలు. చింతకాయ, నిమ్మకాయల పులుపు ఇనుప కత్తిపీట యంచును తినివేయును. వెంటనే కడిగి తుడువవలెను. అట్టపెట్టెలు మెత్తనివిగా తోచును గాని, వానియందును ఖనిజపు పొడి కలిసి యుండును.

అయితే గట్టి రేణువు కేవలము శత్రువు కాదు. బళ్ళారి చెంత సంగనకల్లు కొండలలో నవీన శిలాయుగపు జనులు నల్లరాతి గొడ్డళ్లను గ్రానైటు బండలపై నూరి పదును పెట్టిరి. ఆ నూరిన గాళ్లు నేటికిని కానవచ్చును. మన సానరాయి చేయు పనియు నదియే.

తెలుగున కొడవలి యన్నను, కన్నడమున కుడుగోలన్నను, దానిని మొద్దుబార్చు రేణువొక్కటే. కనుక విద్యార్థులారా, మనిషిపై నింద మోపుటకు ముందు కారణమును వెదకుడు. ఆ కమ్మరి నేడు లేడు. అతని బాకీ తీర్చుటకు ఈ మాట మీకు చెప్పుట తప్ప మాకు వేరు మార్గము లేదు.

సెలవు.