పరాయి దేశంలో నీదే కులమని అడిగితే

(పై చదువు కోసం అమెరికా వెళ్తున్న ఒక పల్లె కుర్రాడి వీడ్కోలు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పల్లె కుర్రాడు ఎల్లుండి విమానం ఎక్కుతున్నాడు. వాళ్ళమ్మ పొద్దుటి నుంచీ ఏడుస్తానే ఉంది. ఏడవద్దని నేను చెప్పను. బిడ్డ ఒక్కడే అంత దూరం పోతుంటే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోద్ది. ఇందాక పెద్దలు బాగా చదువుకో, డబ్బు జాగ్రత్త అన్నారు. అవి వాడికి తెలుసు. డ్వాక్రా అప్పు, బ్యాంకు అప్పు నెత్తి మీద ఉన్నోడికి డబ్బు జాగ్రత్త ఒకరు నేర్పక్కర్లేదు. అక్కడ ఎవరితో కలవాలి, ఎవరితో కలిసి తినాలి, ఎవరికి ఏం చెప్పుకోవాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సంగతి నేను మాట్లాడతాను.

తమ్ముడూ, ఈ దారిన నువ్వే మొదట పోవడం లేదు. 1913 జులైలో 22 ఏళ్ళ యువకుడు న్యూయార్కులో ఓడ దిగాడు. అదే ఏడు ఫిబ్రవరిలో తండ్రి పోయాడు. ఇంట్లో భార్య రమాబాయి, చంటిబిడ్డ యశ్వంత్. బరోడా మహారాజు ఇచ్చే స్కాలర్‌షిప్పు నెలకు 11.50 పౌన్లు. అందులోంచే ఇంటికి పంపాలి, అందులోంచే పుస్తకాలు కొనాలి. చదువు అయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చేస్తానని సంతకం పెట్టి ఎక్కాడు ఓడ. ఆయనెవరో మీకు చెప్పక్కర్లేదు.

బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చున్న మనిషి ఆయన. నౌకరు వచ్చి ఎత్తి పోస్తేనే మంచినీళ్ళు. ఆ మనిషి కొలంబియా యూనివర్సిటీ భోజనాల బల్ల దగ్గర అందరితో పాటు కుర్చీలో కూర్చున్నాడు. మొదట హార్ట్‌లీ హాలు అనే హాస్టల్లో దిగాడు. అక్కడి తిండి పడలేదు. వారానికే మకాం మార్చి కాస్మోపాలిటన్ క్లబ్బుకు పోయాడు, తర్వాత లివింగ్‌స్టన్ హాలుకు చేరాడు. అక్కడ దొరికాడు నేస్తం, నావల్ భటేనా. బొంబాయి పార్శీ. ఒకే హాస్టల్లో ఉన్నారు, ఒకే కంచం కాకపోయినా ఒకే బల్ల మీద తిన్నారు. ఆ నేస్తం చదువుతో పోలేదు. 1920లో సగంలో ఆగిన చదువు కోసం బాబాసాహెబ్ మళ్ళీ లండన్ పోవాల్సి వస్తే, ఐదు వేలు అప్పు ఇచ్చింది ఆ భటేనానే. ఆ రోజుల్లో ఐదు వేలంటే ఎంతో పెద్దోళ్ళను అడగండి.

పంతుళ్ళూ అలాగే దొరికారు. జాన్ డ్యూయీ, సెలిగ్మన్. తన బతుకులో మంచి నేస్తులు కొలంబియాలోనే దొరికారని ఆయన తర్వాత 1930లో రాసుకున్నాడు. 1916 మే 9న అక్కడి సెమినార్లోనే కులం ఎట్లా పుట్టిందో చదివి వినిపించాడు. ఊళ్ళో నోరెత్తనివ్వని సంగతిని అక్కడ బల్ల మీద పెట్టి చర్చకు తెచ్చాడు.

ఇప్పుడు అసలు కథ వినండి. 1917లో అదే మనిషి ఇంత చదువూ చదివి బరోడాకు కొలువుకొచ్చాడు. ఉండటానికి చోటు లేదు. హిందూ హోటల్లో దిగలేడు. చివరికి ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకొని చేరాడు. అమెరికాలో సొంత పేరుతో బతికినోడు సొంత దేశంలో దొంగపేరు పెట్టుకోవాల్సొచ్చింది! పదకొండో రోజు పొద్దున పది పన్నెండు మంది కర్రలతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. సాయంత్రానికి ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితులు, ఒక హిందువు, ఒక క్రైస్తవుడు, చోటియ్యలేకపోయారు. ఒకాయన ఇంట్లో పనివాళ్ళు వెళ్ళిపోతారన్నాడు. ఇంకొకాయన ఇంటావిడని అడగాలన్నాడు. బాబాసాహెబ్ పార్కులో కూర్చొని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయాడు. ఇదంతా ఆయనే రాసుకున్నాడు.

కర్రలు పట్టుకొచ్చినోళ్ళు పార్శీలు. అప్పు ఇచ్చిన నేస్తమూ పార్శీనే. దీన్ని బాగా గుర్తుంచుకో తమ్ముడూ. కులాన్ని చూసి నమ్మినా మోసపోతాం, కులాన్ని చూసి తోసేసినా మోసపోతాం. కర్రలు చూశాక కూడా బాబాసాహెబ్ భటేనాని వదిలేసుకోలేదు.

ఇక నా సంగతి. నేనూ పోయి రెండేళ్ళు చదువుకొని వచ్చినోణ్ణే. సిగ్గుపడే ముక్క ఒకటి చెప్తాను. నలుగురు తెలుగు కుర్రాళ్ళం ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మొదటి వారంలోనే మొదలైంది. "ఏ జిల్లా? ఇంటిపేరేంటి? మీ నాన్న ఏం చేస్తారు? మీరేంట్లు?" మన ఇంటిపేర్లు వాళ్ళల్లోనూ ఉంటాయిగా, అందుకని తేలక మళ్ళీ మళ్ళీ అడుగుతారు. నేను ఏదో చెప్పి తప్పించుకున్నా. బాబాసాహెబ్ ఫోటో పెట్టె అడుగున, బట్టల కింద. ఆరు నెలలు అక్కడే ఉంది. నవ్వితే భయం, తాగితే భయం, అమ్మ ఫోన్ చేస్తే బయటికి పోయి మాట్లాడేవాణ్ణి, మన యాస వినపడుద్దని.

నవంబరులో వాళ్ళకి థ్యాంక్స్ గివింగ్ పండగ. కాలేజీ మూసేశారు. మావోళ్ళు చుట్టాలిళ్ళకి పోయారు, నన్ను రమ్మన్నోడు లేడు. మా డిపార్టుమెంటు ఆఫీసులో పనిచేసే నల్లజాతి పెద్దావిడ, మా అమ్మ కన్నా పదేళ్ళు పెద్దది, ఒక్కడివే ఏం చేస్తావు రమ్మని ఇంటికి తీసుకుపోయింది. తిన్నాక, మీ తాత ఏం చేసేవాడని అడిగింది. వ్యవసాయం అన్నాను. అక్కడ కూడా అబద్ధమే! ఆవిడ తన తాత సంగతి చెప్పింది. మిసిసిపీలో ఇంకొకడి పొలంలో పత్తి ఏరేవాడట. తెల్లోళ్ళకొక కుళాయి, తమకొక కుళాయి. అది విన్నాక నా నోరు ఆగలేదు. మా తాత పాలేరని, చెప్పులు కుట్టేవాడని, హోటల్లో మాకు వేరే గ్లాసులని అంతా చెప్పేశా. ఆవిడ ఇంకో ముక్క కూర వడ్డించింది, అంతే. ఆ దేశంలో నా మొదటి నేస్తం ఆవిడే.

ఇందులో కొత్తేం లేదు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి నాయకుడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. మీ బతుకూ మా బతుకూ ఒకేలా ఉన్నాయి, ఐక్యరాజ్యసమితికి మీవాళ్ళు పెట్టిన అర్జీ కాపీ పంపించండి అని. డుబోయిస్ జవాబు కూడా రాశాడు. అయితే అమెరికా అంటే కులం లేని స్వర్గమని అనుకోకు. మనవాళ్ళు విమానంలో పచ్చడి సీసాతో పాటు కులాన్నీ మోసుకుపోయారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖే సిస్కో అనే పెద్ద కంపెనీ మీద కులవివక్ష కేసు వేసింది. అందులో ఇద్దరు మేనేజర్ల మీద ఆరోపణల్ని 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది. అదే ఏడు సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే గవర్నర్ సంతకం పెట్టలేదు. కొట్లాట అక్కడా నడుస్తానే ఉంది.

కాబట్టి, నీదే కులమని ఎవడన్నా అడిగితే చెప్పాలా వద్దా? నేను హుకుం జారీ చెయ్యను. అద్దె ఇల్లు పోద్దని భయమున్న రోజున నోరు మూసుకుంటే నిన్ను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. బాబాసాహెబ్ అంతటోడు దొంగపేరు రాయించుకున్నాడు. కానీ ఒక్కడన్నా, ఒక్కతన్నా, నీ పేరూ నీ పల్లె పేరూ తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. ఆ మనిషి తెలుగోడే కానక్కర్లేదు. నైజీరియా వాడు కావచ్చు, మెక్సికో అమ్మాయి కావచ్చు. ఇంగ్లీషు తప్పులు పోతాయని మూలన కూర్చోకు. వాళ్ళలో సగం మందికి ఇంగ్లీషు నీలాగే వచ్చు. ఒకడి గదికి పోయి తిను, వాణ్ణి నీ గదికి పిలిచి గోంగూర పెట్టు.

నిన్న వీళ్ళింటికి పోతే పెట్టె సర్దుతున్నారు. బాబాసాహెబ్ ఫోటో అడుగున పెట్టారు. అద్దం పగులుద్దని వాళ్ళమ్మ అంది. అందుకే అయితే సరే, చొక్కాల మధ్య పెట్టమ్మా అన్నా.

చివరగా చిన్న మాట. చుట్టుపక్కల పల్లెల నుంచి పోయినోళ్ళు అక్కడ ఎవరెవరున్నారో మన దగ్గర లెక్క లేదు. సభ అయ్యాక సంఘం పుస్తకం ఈ బల్ల మీద ఉంటది. మీ బిడ్డలు, మీ చుట్టాల బిడ్డలు ఏ ఊళ్ళో ఉన్నారో, ఫోన్ నంబరేంటో రాయించండి. ఎల్లుండి లోపల ఆ కాగితం తమ్ముడి చేతిలో ఉండాలి.

జై భీమ్.