చేయి వదిలింది, మనసు వదలాలి
(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

  

మూడు రోజులుగా హోమగుండం చుట్టూ కూర్చున్న మనందరి చెవులలో ‘స్వాహా’ అనే శబ్దం మారుమ్రోగుతున్నది. దాని వెంట యజమాని పలికే మరొక చిన్నమాట ఉన్నది: ‘న మమ’. ‘ఇది ఆ దేవతకు చెందినది, నాది కాదు’ అని దాని భావం. మీమాంసా శాస్త్రకారులు ఇక్కడ ఒక సూక్ష్మభేదం చూపించారు. ద్రవ్యాన్ని అగ్నిలో వేయడం ప్రక్షేపం. దానిపై ‘నాది’ అన్న హక్కును వదులుకోవడం త్యాగం. మొదటిది చేతితో జరిగేది, రెండవది మనసుతో జరగవలసినది. చేయి వదిలినంత మాత్రాన మనసు వదిలినట్లు కాదు.

ఈ మాట ఈ సందర్భంలో ఎందుకు చెప్పవలసి వచ్చిందో మనసు విప్పి విన్నవిస్తాను. ఏ ఊరిలో ఆలయ నిర్మాణం తలపెట్టినా భక్తితో పాటు కొన్ని నొప్పులు కూడా పుట్టుకొస్తాయి. శిలాఫలకంపై ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక? తొలి తీర్థం ఎవరికి? శేషవస్త్రం ఎవరికి కప్పారు, ఎవరిని మరిచారు? లక్ష రూపాయలను చిరునవ్వుతో వదిలిన దాత, తన తండ్రిగారి పేరులో ఒక అక్షరం తప్పు పడినందుకు కలిగిన కష్టాన్ని ఏళ్ళ తరబడి వదలలేకపోవచ్చు. గట్టు తగాదాతో ముఖాలు చూసుకోని అన్నదమ్ములు ఒకే ధ్వజస్తంభానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి నమస్కరిస్తూ ఉండవచ్చు. ఆలయాన్ని బాగుచేసుకున్నాం, సంతోషం. ఈ నొప్పులను ఏమి చేయాలి?

‘మరచిపోండి’ అని సలహా చెప్పడం సులభం. కాని మరచిపోవాలన్న పట్టుదలే జ్ఞాపకానికి బలమిస్తుంది. మందు త్రాగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వైద్యుడు చెబితే, రోగికి మందుగిన్నె చూసినప్పుడల్లా కోతే కనిపించిందన్న కథ మనం చిన్ననాటి నుండి వింటున్నదే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇదే విషయాన్ని పరీక్షించి చూశారు. ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకు వస్తే గంట కొట్టమని విద్యార్థులకు చెప్పారు. గంట మ్రోగుతూనే ఉన్నది. అణచిన తలపు అవకాశం దొరకగానే మరింత బలంగా తిరిగివచ్చింది. కనుక అణచడం వేరు, వదలడం వేరు.

వదలడమంటే ఏమిటో మన భద్రాద్రి రామదాసు చరిత్రలో కనిపిస్తుంది. పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో భద్రాచల ఆలయాన్ని నిర్మించి, సర్కారు సొమ్ము వాడినందుకు గోల్కొండలో కారాగారం పాలయ్యాడు. ఆయన తన బాధను దాచుకోలేదు. సీతమ్మకు, లక్ష్మణునికి చేయించిన నగల ఖర్చును ఏకరువు పెట్టి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని రామచంద్రుణ్ణే నిలదీశాడు. ఆ కీర్తనలోనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని, కోపగించవద్దని వేడుకున్నాడు. కోపాన్ని కప్పిపుచ్చలేదు, ఇరుగుపొరుగు వారి మీదికి మళ్ళించలేదు. వినగలవాని ముందు పూర్తిగా విప్పి, అక్కడే దించుకున్నాడు. ఆలయం కట్టించినవాని నోటి నుండే ఈ పాఠం రావడం మనవంటివారికి గొప్ప ఊరట.

రేపటి కుంభాభిషేకం తరువాత మండల పూజలు ఆరంభమవుతాయి. ఆ 40 రోజులు మన ఇళ్ళలో కూడా ఒక చిన్న అభ్యాసం చేద్దామని నా విన్నపం. దీనికి ఖర్చు లేదు, పావుగంట కంటె ఎక్కువ కాలమూ పట్టదు.

సంధ్యాదీపం వెలిగించిన తరువాత పంచపాత్రలో నీరు, ఉద్ధరిణి, అరివేణం ముందుంచుకొని కూర్చోండి. ఆ రోజు మనసును కలచిన ఒక్క సంఘటనను తలచుకోండి. ఎదుటివారి పేరును పక్కనపెట్టి, మీలో కలిగిన భావానికి పేరు పెట్టండి. ‘మా తమ్ముడు ఎంత మాట అన్నాడు’ అనుకుంటే అది తమ్ముని కథ. ‘నాకు అవమానమనిపించింది’ అనుకుంటే అది మీ చేతిలో ఉన్న ద్రవ్యం. మన చేతిలో లేనిదానిని మనం సమర్పించలేము కదా!

తరువాత ఆ భావం శరీరంలో ఎక్కడ బరువుగా ఉన్నదో గమనించండి. గొంతులోనా, గుండెలోనా, కడుపులోనా? దానిని తరమకుండా, అది న్యాయమేనని వాదించకుండా పది శ్వాసల సేపు అలాగే ఉండనివ్వండి. ఆ పైన ఉద్ధరిణితో నీరు తీసుకొని, అరచేతి మీదుగా అరివేణంలోకి వదులుతూ ‘న మమ’ అనండి. దానమిచ్చేటప్పుడు ధారపోసే పద్ధతే ఇది. లేచి తరువాతి పని చూసుకోండి. తగ్గిందా లేదా అని మాటిమాటికీ తడిమి చూడనవసరం లేదు.

మొదటి వారంలో ఏ మార్పూ కనబడకపోవచ్చు. ఒకే బాధ పదిరోజులు వరుసగా ఎదుటికి రావచ్చు. నిరుత్సాహపడకండి. ఒక్క ఆహుతితో హోమం పూర్తి కాదు. పూర్ణాహుతి చివరనే వస్తుంది.

ఇక్కడ మూడు హెచ్చరికలు అవసరం.

మొదటిది, వదలడమంటే బాధ్యతను వదలడం కాదు. భగవద్గీత 18వ అధ్యాయంలో అర్జునుడు సన్న్యాసానికి, త్యాగానికి భేదమడిగినప్పుడు శ్రీకృష్ణుడు త్యాగం మూడు విధాలని చెప్పాడు. మోహంతో కర్తవ్యాన్ని విడిచేది తామసం. శ్రమకు భయపడి విడిచేది రాజసం. కర్తవ్యాన్ని చేస్తూనే ఆసక్తిని, ఫలాన్ని విడిచేది సాత్త్వికం. అలిగి ‘ఈ సంఘంతో నాకిక పనిలేదు’ అని ఇంట కూర్చోవడం మొదటి రెండింటిలో ఒకటి అవుతుందే గాని మూడవది కాజాలదు. న్యాయంగా రావలసిన పొలాన్ని అడగవచ్చు, తప్పు పడిన పేరును దిద్దించుకోవచ్చు. పగ లేకుండా అడగడం నేర్చుకోవాలి.

రెండవది, మరణదుఃఖంలో ఉన్నవారికి ‘వదిలేయండి’ అని బోధించవద్దు. మన పెద్దలు ఆ దుఃఖాన్ని ఒక్కరోజులో విడువమనలేదు. పదిరోజుల కర్మ, నెలనెలా మాసికం, ఆపైన ఏటేటా ఆబ్దికం ఏర్పరచి, తిలోదకాలతో కొద్దికొద్దిగా వదిలించారు. దుఃఖానికి కాలమివ్వడం కూడా ధర్మమే.

మూడవది, నిద్రాహారాలు దూరమై, బ్రతుకుపై విరక్తి కలిగేంత బాధ ఉంటే ఈ అభ్యాసంతో సరిపెట్టుకోక తప్పక వైద్యుని చూడాలి. ఔషధం కూడా భగవత్ప్రసాదమే.

జీర్ణోద్ధరణ ఆరంభంలో విమానం పగుళ్ళలో మొలిచిన రావిమొక్కలను మీరందరూ చూశారు. రావి పూజనీయమే, కాని గోపురంలో మొలిస్తే కట్టడాన్నే చీలుస్తుంది. పైపైన కొమ్మలు నరికిన ప్రతిసారీ మళ్ళీ చిగిర్చాయి. శిల్పులు ఓపికగా రాళ్ళు సడలించి, వేళ్ళు తీసిన తరువాతనే పగుళ్ళు పూడ్చగలిగారు. మన మనసులలోని నొప్పి కూడా ఒకప్పుడు న్యాయమైన కారణంతోనే మొలిచి ఉండవచ్చు. అయినా అది ఇంటిని చీల్చకముందే వేరు తీయాలి.

మండలం పూర్తయ్యేనాటికి అందరూ కౌగిలించుకోవాలని నేను కోరడం లేదు. ప్రదక్షిణంలో ఎదురుపడినప్పుడు ముఖం తిప్పుకోకుండా ‘బాగున్నావా’ అని ఒక్కమాట అనగలిగితే చాలు. మీరిచ్చిన విరాళాన్ని స్వామి ఇదివరకే స్వీకరించాడు. దానితోపాటు ఇవ్వవలసినది ఇంకా ఏదైనా మీ వద్ద మిగిలి ఉంటే, దానిని కూడా ఆ సన్నిధిలో ఉంచి రండి.

స్వామి అనుగ్రహం మీ అందరికీ, మీ కుటుంబాలకు సంపూర్ణంగా కలుగుగాక!

స్వస్తి.