నిండు నెలలు – నిలిచిపోయిన కారు
(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



నాకు ఇచ్చిన విషయము విని కొందరు నవ్వినారు. కారు చెడిపోతే మెకానిక్కును పిలువవలె గాని దానికొక ప్రసంగమెందుకు అన్నారు. నిజమే, ఖాళీ కారు చెడిపోతే ప్రసంగము అక్కరలేదు. అందులో నిండు గర్భిణి కూర్చుండి ఉన్నప్పుడు చెడిపోతే ఏమి చేయవలెనన్నదే ఇక్కడి మాట.

మన అమ్మమ్మల కాలములో ఈ ప్రశ్న పుట్టలేదు. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తి అయిన ఆ రోజులలో, మన ఊళ్లలో కాన్పు ఇంటిలోనే. మంత్రసాని నడిచి వచ్చేది. బిడ్డ అడ్డము తిరిగినదని తెలిసిన తరువాతనే ఎడ్లను బండికి కట్టేవారు. అప్పటికి ఆలస్యమయ్యేది. ఎందరు తల్లులు ఆ దారిలోనే పోయినారో ఎవరు లెక్క వ్రాసినారు? ఇప్పుడు అందరము ఆసుపత్రికే పోతున్నాము, అది మేలు. అయితే కాలువల వెంట, వరి చేల నడుమ ఉన్న మన ఊళ్ల నుండి బాన్సువాడకో, కామారెడ్డికో, నిజామాబాదుకో పోవలెను. దారి కూడా కాన్పులో ఒక భాగమైనది. మొదటి కాన్పు పుట్టింట్లో జరుగవలెనను ఆచారము ఒకటి ఉన్నది గదా, దాని కొరకు ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో మరొక ప్రయాణము.

1994లో సెరీన్ థడియస్, డెబొరా మేన్ అను ఇద్దరు పరిశోధకులు కాన్పులలో తల్లులు ఎందుకు చనిపోవుచున్నారో విచారించి మూడు ఆలస్యములను చెప్పినారు. పోదామని నిర్ణయించుటలో ఆలస్యము, చేరుటలో ఆలస్యము, చేరిన పిమ్మట వైద్యము అందుటలో ఆలస్యము. కారు ఆగుట రెండవదని మనము అనుకొందుము. కాని నేను చూచినంతవరకు, కారు ఆగగానే ఇంటివారు మరల మొదటి దానిలోనే పడుదురు. ఇక్కడే నిలుచుందామా, వేరే బండి చూద్దామా, ఎవరిని అడుగుదాము అని.

రెండేండ్ల క్రిందట మే నెలలో మా అక్క కోడలిని బాన్సువాడకు తీసుకొని పోవుచున్నాము. తొలిచూలు, తొమ్మిదవ నెల. ఉదయము నుండి నడుము నొప్పి. కారు పక్కింటివారిది, నడుపుచున్నది అక్క కొడుకు. కాలువ వంతెన దాటిన తరువాత బానెటు క్రింద నుండి ఆవిరి లేచి కారు ఆగిపోయినది. పిల్లవాడు దిగి బానెటు ఎత్తినాడు. మెకానిక్కుకు ఫోను, కారు యజమానికి ఫోను. ఎరువు తెచ్చిన వస్తువు గదా, వాని ప్రాణమంతా దాని మీదనే ఉన్నది. లోపల కోడలు చెమటలో తడిసి, ఎవరికీ చెప్పక పెదవి కొరుక్కొంటున్నది. అప్పుడు అక్క అన్నది: "బిడ్డా, కారు మందిది, పిల్ల నీది. ఇటు రా."

ఆ తరువాత పని తానే పంచినది. కొడుకు కారు దగ్గర ఉండవలె. నేను కోడలిని చింతచెట్టు నీడకు తెచ్చి, చీర మడిచి పరచి, ఎడమ ప్రక్కకు పండబెట్టవలె. తాను 108కి ఫోను చేసి వంతెన గుర్తు, చెట్టు గుర్తు చెప్పినది. వెంటనే బాన్సువాడలోని మా తమ్మునికి చేసినది. వాడు, "ఏ ఊరు దాటిన్రు అక్కా? అది చెప్పు, కడమది తర్వాత మాట్లాడుదాం" అన్నాడు. మరదలిని వెంటబెట్టుకొని ఆటోలో వచ్చినాడు. ఆటోయే ముందు అందినది. 108 వారికి ఆ సంగతి చెప్పి, వారికి ఎదురుపోయి, నడి దారిలో కోడలిని వారి బండిలోనికి మార్చినాము. ఆ రాత్రి ఆడపిల్ల పుట్టినది. కారు మరునాటి వరకు అక్కడనే ఉన్నది. ట్రాక్టరుతో లాగించినారు.

సహాయమును ఇద్దరిని అడిగితే ఒకటి వృథా అగునని కొందరు మొగమాటపడుదురు. వృథా కానీయండి!

108 సేవ 2005లో మొదలైనది. పరీక్షలకు పోయి వచ్చుటకు 102 బండి ఉన్నది. ఇవి ఉన్నను ఇంటివారి పని తీరదు. మన వైపు ఎందరి భర్తలో గల్ఫులో ఉన్నారు. దుబాయి నుండి ఫోను వచ్చువరకు బండి మార్చని అత్తమామలను నేనెరుగుదును. ఎనిమిదవ నెలలోనే ఆ భర్త, "నేను అందకపోతే ఫలానా వారు చెప్పినట్లు చేయండి" అని ఒక పేరు చెప్పవలెను. ఆ పేరు గర్భిణికి కూడా తెలియవలెను. నా మట్టుకు నేను, ఆమెనే మొదట అడుగుమందును. నొప్పి ఎట్లున్నదో చెప్పగలది ఆమె ఒక్కతే.

కారు విషయము మగవారు వినుచున్నారు గనుక రెండు మాటలు. బయలుదేరుటకు ముందు స్టెపినీలో గాలి, రేడియేటరులో నీరు చూడండి. ఇంజను కాగి ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు, మరుగు నీరు మొగము మీదికి చిమ్మును. కారు తోయవలసి వస్తే గర్భిణిని ముందు దింపి రోడ్డుకు దూరముగా కూర్చుండబెట్టండి. సీటు బెల్టు కడుపు మీదుగా కాదు, కడుపు క్రిందుగా తుంటి ఎముకల మీద ఉండవలెను.

వెల్లకిల పండబెట్టవద్దు. గర్భసంచి బరువుకు వెనుకనున్న పెద్ద రక్తనాళము నొక్కుకొని కళ్లు తిరుగును. రక్తము పోయినా, ఫిట్సు వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా మెకానిక్కు కొరకు ఒక్క నిమిషము కూడా కాచుకొనవద్దు. ఉమ్మనీరు పోయినా అంతే. దారిలోనే బిడ్డ వచ్చుచున్నట్లయితే లాగరాదు. వచ్చిన బిడ్డను పొడిబట్టతో తుడిచి తల్లి రొమ్ము మీదనే పెట్టి ఇద్దరిని కప్పండి. బొడ్డు కోయుటకు తొందర లేదు, చేతికందిన కత్తితో అసలే వద్దు. 108 వారు ఫోనులో చెప్పుచుందురు, ఫోను పెట్టివేయకండి.

తల్లీబిడ్డల కార్డు, రక్తపు గ్రూపు వ్రాసిన కాగితము, కొంత రొక్కము, రెండు పాత మెత్తని చీరలు, నీళ్ల సీసా ఒకే సంచిలో ఉండవలెను. ఆ సంచి డిక్కీలో కాదు, ఒళ్లో. ఆటోలోనికి మారునప్పుడు డిక్కీలోని సంచిని మరచినవారు చాలమంది.

ద్వారము దగ్గరి బల్ల మీద ఒక నోటు పుస్తకము ఉంచినాము. మీ ఊరిలో రాత్రివేళ పిలిచినా వచ్చు ఆటో, జీపు, కారు గలవారి పేరు, ఫోను నంబరు వారినడిగి అందులో వ్రాయండి. ఈ నెలలో, వచ్చే నెలలో కాన్పులున్న ఇండ్లవారు పోవునప్పుడు తమ ఊరి పేజీని ఎత్తి వ్రాసుకొని పోవలెనని కోరుచున్నాను. పెన్ను కూడా అక్కడనే కట్టి ఉన్నది.