ఏలినవారికి వినబడని మాట
(ఖిల్లా ఘణపురమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. బ్రతుకంతయు బడిలో ఆ మాటలే చెప్పితిని. కావున నేడు వారి యనుమతితో వేఱొక విషయము నెత్తికొనుచున్నాను. 2004వ సంవత్సరమున దేశము నేలుచుండిన పక్షము గెలుచునని యెల్లరును నమ్మియుండగా, అది యేల యోడిపోయెను? ఇరువదియేండ్లు దాటిన ముచ్చట మనకేల యని కొందఱకు దోచవచ్చును. ఈ సభ ముందున్న తీర్మానములలో ఏడవదానిని చదివినవారికి దీని యక్కఱ తెలియగలదు. దాని ప్రసంగమునకు చివర వత్తును.

1999లో గెలిచిన వాజపేయిగారి కూటమికి 2004 అక్టోబరు వఱకు గడువుండెను. 2003 డిసెంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములందు భారతీయ జనతా పక్షమునకు జయము గలిగెను. దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనని తలచి, ఫిబ్రవరిలోనే లోక్‌సభను రద్దు చేయించిరి. దేశము వెలిగిపోవుచున్నదని ప్రభుత్వధనముతోనే పత్రికలయందును టెలివిజనునందును ప్రకటనలు చేయించిరి. సర్వేలు జేసినవారు ఆ దీపమునకు నూనె పోసిరి. మే 13వ తేదీన పెట్టెలు నోరు విప్పెను. భారతీయ జనతా పక్షము 182 స్థానములనుండి 138కి దిగెను. కాంగ్రెసు 114నుండి 145కు ఎక్కెను. వాజపేయిగారు ఆనాడే రాజీనామా నిచ్చిరి.

మన సంగతి రెండు దినములు ముందే తేలినది. అప్పటి యుమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 180 స్థానములు గల తెలుగుదేశమునకు 47 మాత్రము మిగిలెను. లోక్‌సభ స్థానములు నలుబదిరెంటిలో 1999న తెలుగుదేశమునకు 29, భారతీయ జనతా పక్షమునకు 7, కలిసి 36 వచ్చియుండగా, ఈమాఱు తెలుగుదేశమునకు 5 వచ్చెను, మిత్రునికి సున్న. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రిగారిపై జరిగిన ఘోరమైన దాడినుండి వారు బయటపడిరి. ఆ సానుభూతి వోట్లగునని నమ్మి, ఇక్కడను గడువునకు ముందే శాసనసభను రద్దు చేసిరి. ప్రాణాపాయము దప్పినందుకు జనులు సంతసించిరి, నిజమే. సంతోషము వేఱు, వోటు వేఱు.

కారణములు చెప్పువారు పలువురు. లెక్కలవారు పొత్తుల మాట చెప్పుదురు. దానిని త్రోసివేయరాదు. తమిళనాట ద్రవిడ మున్నేట్ర కళగము కూటమిని విడిచిపోగా, అచ్చటి 39 స్థానములును ఎదుటివారికే పోయినవి. గెలిచిన కాంగ్రెసునకు సయితము దేశమందు వోట్ల పాలు 1999 కంటె తగ్గినదే గాని పెరుగలేదు. మన రాష్ట్రమున కాంగ్రెసు, తెలుగుదేశము పొందిన శాసనసభ వోట్ల భేదము నూటికి ఒకటి మాత్రమే. తెలంగాణ రాష్ట్ర సమితియు వామపక్షములును కాంగ్రెసుతో కలియుటచేత ఆ యొకటి కొండంత యైనది.

పల్లెవారు కరవు మాట చెప్పుదురు. 2002లో దేశమందు నైరృతి వానలు సగటుకంటె నూటికి 19 పాళ్లు తక్కువ. కాకతీయుల కాలమునుండి మన గణపసముద్రము క్రింది సేద్యమంతయు వానదేవుని దయయే గదా. కృష్ణ గద్వాల ప్రక్కనుండి పాఱుచున్నను, కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీరు నాటికి మన పొలములను జేరలేదు. బోరు వేసినచో నీరు లేదు. నీరున్నచో కరెంటు బిల్లు. కరెంటు చార్జీల పెంపును గూర్చిన యాందోళనమున 2000 ఆగస్టు 28న బషీర్‌బాగులో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 2003 ఎండలలో చేవెళ్లనుండి ఇచ్ఛాపురము వఱకు నడచిన రాజశేఖరరెడ్డిగారు ఉచిత విద్యుత్తు మాట యిచ్చిరి. పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట బొంబాయికి, పూనాకు మూటలు గట్టిరి.

అయినను కరవొక్కటియే కారణమనినచో ఒక చిక్కు గలదు. మహబూబ్‌నగరు లోక్‌సభ స్థానము భారతీయ జనతా పక్షమునుండి కాంగ్రెసునకు మారగా, దాని ప్రక్కనే యున్న మన నాగర్‌కర్నూలు తెలుగుదేశమునకే దక్కినది. ఆ పక్షమునకు మిగిలిన యైదింటిలో ఇదియొకటి. కరవు రెండుచోట్లను ఒక్కటే.

నాకు దోచునది వేఱు. ఓటమి ఏ ప్రభుత్వమునకైన రావచ్చును. అది వచ్చుచున్నట్లు తెలియకపోవుటయే వింత. భారవి కిరాతార్జునీయము ధర్మరాజునొద్దకు వచ్చిన వనచరునితో నారంభమగును. దుర్యోధనుని పాలన చక్కగానే సాగుచున్నదని అతడు జంకక చెప్పును. శత్రువును మెచ్చు మాట నేలికకు రుచింపదని యెఱిగియు చెప్పును. 2004న ఏలినవారికి అట్టి వనచరుడు లేడాయెను. ఉన్నవారందఱును నావంటివారు.

నావంటివారనుటకు కారణము వినుడు. ఆ యెన్నికలలో నేనొక పల్లెలో పోలింగు అధికారిని. దేశమంతట యంత్రములతో లోక్‌సభ యెన్నిక జరుగుట అదియే మొదలు. మీట నొక్కి కూత విన్న ముదుసలి యొకతె నావద్దకు వచ్చి మెల్లగా, "ఒక్కో గుర్తుకు ఒక్కో తీరు కూత పెడ్తదా సారూ ఈ డబ్బ? బయట నిలవడ్డోళ్లకు ఎర్కయితదా?" అని యడిగెను. "అన్నిటికీ ఒకటే కూత అవ్వా" అంటిని. ఆమె ముఖము విప్పారినది. ఎవరికి వేసెనో నాకు నేటికిని తెలియదు. ఆ దినము ఆ ప్రశ్న నడిగినవారు ఆమెతో బోవలేదు. భయపడి వేసినవారికి కూతతో పని యేమి?

అంతకు పక్షము దినములు ముందు మన సంఘపు పెద్దలు ఏలుచున్న పక్షమువారికి మన వోట్లన్నియు గంపగుత్తగా నిచ్చెదమని మాట యిచ్చియుండిరి. భవనమునకు స్థలము దొరకునని యాశ. పోలింగు ముగిసిన రాత్రి వారిలో పెద్దాయన నన్ను బిలిచి, "గాలి యెటున్నది సారూ?" అని యడిగిరి. నా బదిలీ కాగితము వారి చేతిమీదుగా పోవలసియుండెను. "మనోళ్లంతా మాటమీదనే ఉన్నరు" అంటిని. ముసలమ్మ ప్రశ్న చెవిలో మ్రోగుచుండగనే అంటిని. ఆయన ఆ మాట పైవారికి జేర్చిరి. వారు వారి పైవారికి జేర్చియుందురు.

లెక్కింపునాడు పంచుటకు లడ్డూలు తెప్పించియుండిరి. అవి పంచలేదు. కొన్ని దినములకు ఆయన మా యింటికి వచ్చి అరుగుమీద గూర్చుండి, "నువ్వన్న చెప్పకపోతివి గద సారూ" అనిరి. నేను బదులు చెప్పలేదు. పిమ్మట ఆయన సంఘసభలకు వచ్చుట మానిరి. నేడాయన లేరు.

ఇక ఏడవ తీర్మానము. భవననిర్మాణమునకు నిధులొసంగు పక్షమునకు మన కులస్థులందఱ వోట్లును ఇచ్చునట్లు సంఘము పూచీపడవలెనని అందు గలదు. దానిని వ్రాసినవారు సంఘాభిమానులు. వారియెడ నాకు గౌరవము గలదు. అయినను లేని సొత్తును అమ్ముటకు నేను సాక్షిసంతకము చేయజాలను. దానిని తొలగించి, భవనమునకు ఇంటింటి చందా పుస్తకము తెఱచినచో మొదటి పంక్తిలో నా ఒక నెల పింఛనును వ్రాసికొనుడు. కార్యదర్శిగారికి ఆ సొమ్ము ఈ పూటనే ముట్టజెప్పెదను.